కర్నూలులో ఒక్క పగలు, అమ్మతో: ఏం తినాలి, ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. పొద్దున రైలుకు అమ్మతో కర్నూలులో దిగి రాత్రి రైలుకు తిరిగి వెళ్లాలి. అమ్మ పెళ్లికి ముందు అక్కడే చదువుకుంది, ఉగ్గాని, కొండారెడ్డి బురుజు అని ఇప్పటికీ తలుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులు, మెట్లంటే కష్టం. బెలుం గుహలు కూడా చూడొచ్చా?

జవాబు: అన్నా, బెలుం వద్దు, రానూ పోనూ 200 కిలోమీటర్ల పైనే, పైగా మెట్లు దిగాలి. దిగగానే ఉగ్గాని తినండి. బోర్డు చూసి కాదు, బజ్జీల బాండలి ముందు జనం ఉన్నచోట ఆగండి. బొరుగులు నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి పైన పప్పుల పొడి చల్లుతారు, బొరుగు మెత్తబడాలి గానీ ముద్ద కాకూడదు. మిరపకాయ బజ్జీ లేకుండా మాత్రం తినొద్దు. ఆలస్యం చేస్తే అయిపోతుంది.

ఇంకో జవాబు: తిన్నాక అలంపురం పోండి, తుంగభద్ర అవతల, సుమారు 25 కిలోమీటర్లు. బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మదే అయినా అన్నీ శివాలయాలే. చాలావాటి శిఖరాలు మన గోపురాల్లా ఉండవు, ఉత్తరాది తీరులో వంపు తిరిగి పైకి పోతాయి. స్వర్గబ్రహ్మ గుడి గోడలు తీరిగ్గా చూడండి, మా నాయన ఆ గోడ దగ్గర నుంచి మమ్మల్ని కదలనిచ్చేవాడు కాదు. ఎండెక్కితే చెప్పుల్లేకుండా రాళ్ల మీద నడవలేరు, పెద్దావిడకి సాక్సులు పెట్టుకోండి.

అక్కా, థాంక్స్. మరి బురుజు ఎక్కకపోతే ఏం లాభం?

జవాబు: కింద నుంచి చూసినా బాగుంటుంది తమ్ముడూ. విజయనగర రాజుల కాలం నాటి కోటలో మిగిలిన భాగం అది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో బంధించారని చెప్తారు, పేరు అలా వచ్చింది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరే, అప్పుడు ఆఫీసులు గుడారాల్లో కూడా నడిచాయి. మీ అవ్వాతాతలు ఆ రోజుల సంగతి ఏమైనా చెప్పారేమో అమ్మను అక్కడ నిలబెట్టి అడగండి. దాని తర్వాత హంద్రీ ఒడ్డున ఒకప్పటి కర్నూలు పాలకుడు అబ్దుల్ వహాబ్ సమాధి, గోల్ గుమ్మజ్ అంటారు. సాయంత్రం ఎండ వాలాక వెళ్తే నయం.

మధ్యాహ్నం ఎక్కడ తినాలన్నది అడగలేదు గానీ చెప్తున్నా: జొన్నరొట్టె చేత్తో తట్టే చప్పుడు బయటికి వినిపించే హోటల్ చూసుకోండి, గుత్తి వంకాయ, చెనిక్కాయల పొడి అడగండి. రాత్రి రైలుకు కరకరలాడే ఎండు రొట్టెలు కట్టించుకోండి, ఇంటికి పోయాక కూడా పాడు కావు.