అప్‌డేట్: అమ్మ పొట్టలో గడ్డ జిస్ట్ కాదు

అండాశయ క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన అమ్మకు జీర్ణాశయం గోడలో గడ్డ కనిపించిందని, స్కాన్ చూసి జిస్ట్ అనే, జీర్ణనాళం గోడలోనే పుట్టే వేరే కణితి కావచ్చన్నారని లోగడ అడిగాను. కాదు, పాత క్యాన్సరే పాకింది.

మామూలు ఎండోస్కోపీ బయాప్సీలో ఏమీ తేలలేదు. గడ్డ లోపొర కింద ఉంది, పైపైన గిల్లిన ముక్కలో మంచి కణాలే వచ్చాయి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది గుచ్చి తీసిన నమూనాలో బండారం బయటపడింది: జిస్ట్ గుర్తులైన సీడీ117, డాగ్1 ప్రోటీన్లు నెగటివ్, అండాశయం వైపు వేలు చూపే పాక్స్8, డబ్ల్యూటీ1 పాజిటివ్. జిస్ట్ అనుకుని దాని మందు ఇమాటినిబ్ మొదలుపెట్టి ఉంటే కాలం వృథా అయ్యేది.

పాత ఆపరేషన్ బ్లాకులు (అప్పుడు తీసిన కణితి ముక్కలను మైనంలో భద్రపరిచినవి) కూడా పట్టుకెళ్లమన్నవారికి దండం. పాథాలజీ డాక్టరు పాత ముక్కలు, కొత్త నమూనా పక్కపక్కన పెట్టి పోల్చారు. సోమవారం నుంచి కీమో మందులు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. సూది కంటే పరీక్షకు ముందు ఉపవాసమే కష్టమైందని అమ్మ ఫిర్యాదు.