అమ్మానాన్నలతో తావోర్మినా (సిసిలీ): కొండ మీద ఉండాలా, కింద ఉండాలా?

మ్యూనిక్_మాస్టారు:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. రోమ్, వెనిస్ వద్దు, సముద్రం కొండ రెండూ ఉన్న చోటికి తీసుకెళ్దామని మా ఆవిడ తావోర్మినా పట్టుకుంది. ఫొటోలు అదిరిపోయాయి కానీ హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. కింద సముద్రం పక్కనే జార్దినీ నాక్సోస్ అని ఇంకో ఊరుంది, అక్కడ బాగా తక్కువ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. నాన్న రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు, గుడ్డు కూడా ముట్టరు, పైగా "ఆ పొగ వచ్చే కొండ చూపించాల్సిందే" అని ఇప్పటినుంచే మొదలుపెట్టారు. ఎక్కడ దిగాలి, కారు తీసుకోవాలా, ఆయనకి తిండి దొరుకుతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పల్నాటి_బుల్లోడు:
బ్రో, కళ్లు మూసుకుని కింద తీసుకో. జార్దినీ నాక్సోస్ అంతా చదును, సముద్రం పక్కన పొడుగ్గా నడకదారి, బెంచీలు ఉంటాయి, పెద్దవాళ్లకి హాయి. క్రీ.పూ. 734లో సిసిలీలో గ్రీకులు మొదట దిగింది అక్కడే, ఆ శిథిలాలు కూడా చూడొచ్చు. పైకి బస్సులున్నాయి, చూసి దిగిపోవడమే. పైన కాఫీకి కూడా వీధిని బట్టి రేటు, కొన్ని చోట్ల కూర్చున్నందుకే మనిషికింత అని "కోపెర్తో" బిల్లులో వేస్తారు, మెనూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూసుకో. కారు మాత్రం వద్దే వద్దు. పైన ఊరి నడిబొడ్డుకి బయటి కార్లు రానివ్వరు, లుంబి లాంటి పార్కింగులో పెడితే మళ్లీ షటిల్ బస్సు ఎక్కాలి.

కటానియా_కోడలు:
పై తమ్ముడు చెప్పినదాంట్లో కారు సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. నేను అక్కడికి గంట దూరంలో కొన్నేళ్లు ఉన్నాను. తావోర్మినా సముద్రానికి 200 మీటర్ల ఎత్తున ఉంది, ఘాట్ రోడ్డు, మన అలిపిరి–కొండ లెక్కే అనుకోండి. కింద దిగితే చూడాల్సిన ప్రతిదానికీ బస్సు కోసం నిలబడాలి, రాత్రయ్యేసరికి ఆ బస్సులూ తగ్గిపోతాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ నిలబడటమే కష్టం. పైన ఉంటే అమ్మగారికి కావలసినవన్నీ ఒక్క వీధిలోనే ఉంటాయి. పోర్టా మెస్సీనా అనే పాత ఊరి ద్వారం నుంచి పోర్టా కటానియా అనే ఇంకో ద్వారం దాకా ఉండే ఆ వీధి పేరు కోర్సో ఉంబెర్తో, బండ్లు తిరగవు, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు, మధ్యలో పియాజ్జా నోవె అప్రీలె అనే వాకిలి లాంటి పెద్ద చోటు, అక్కడ కూర్చుంటే ఒకవైపు సముద్రం, ఒకవైపు మీ నాన్నగారి పొగ కొండ, అదే ఎట్నా అగ్నిపర్వతం. పగలు ఓడల్లోంచి, బస్సుల్లోంచి దిగినవాళ్లతో కాలు పెట్టే సందుండదు, సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక ఆ ఊరు బాగుంటుంది. ఆ సాయంత్రం కోసమే పైన డబ్బు పెట్టేది, లేకపోతే పెట్టక్కర్లేదు.

హోటల్ బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, రోడ్డు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు అని రాసి అడగండి. వీధికి అటూ ఇటూ సందులన్నీ మెట్లే, "సెంటర్‌కి రెండు నిమిషాలు" అని రాసేవాళ్లు ఆ రెండు నిమిషాలూ మెట్లని రాయరు.

గ్రీకు థియేటర్ మానకండి. గ్రీకులు కట్టినదాన్ని రోమన్లు ఇటుకలతో మళ్లీ కట్టారు, వేదిక వెనక గోడ మధ్యలో కూలిపోయి ఆ సందులోంచి ఎట్నా కనిపిస్తుంది. అమ్మగారు పై వరసలకి ఎక్కక్కర్లేదు. విల్లా కొమునాలె తోట కూడా తీసుకెళ్లండి, టికెట్ లేదు, నీడ ఉంది. ఈసోలా బెల్లా అనే చిన్న దీవికి మాత్రం రోడ్డు మీంచి చాలా మెట్లు దిగాలి, ఒడ్డంతా గులకరాళ్లు, ఆవిడకి పై నుంచే చూపించండి. మీకు ఈత కొట్టాలనుంటే కింద మద్జారో ఒడ్డుకి వెళ్లే కేబుల్ కార్‌లో మీరిద్దరూ దిగి రండి.

వెజ్_వెంకట్:
నాన్నగారి తిండి సంగతి నాకొదిలేయండి. పాస్తా అల్లా నోర్మా పక్కనున్న కటానియా నగరం వైపుదే, వేయించిన వంకాయ, టమాటా, తులసి జాతి ఆకు, పైన ఉప్పటి రికోట్టా చీజ్. కపోనాతా అని పుల్లపుల్లగా తియ్యగా ఇంకో వంకాయ కూర. రెండు పూటలా వంకాయ తిన్నా విసుగు రాదు, గోదావరి మనిషికి అసలే రాదు. అరంచీనీ అనే వేయించిన అన్నం ఉండల దగ్గర మాత్రం జాగ్రత్త, పేరుకి "వెన్నతో" అని అర్థం కదా, మాంసం లేదనుకుని "అల్ బుర్రో" తీసుకుంటే అందులో తరచుగా పంది మాంసం ముక్కలుంటాయి, పాలకూరదా అని అడిగి తీసుకోండి. కన్నోలీ అనే గొట్టం లాంటి స్వీటు పైపెంకులో పంది కొవ్వు వేసే అలవాటుంది. గ్రానీతా అనే ఐస్ పొడి స్వీటు, బాదంది, నిమ్మకాయది హాయిగా తినొచ్చు, పక్కన ఇచ్చే బ్రియోష్ బన్నులో గుడ్డు ఉంటుంది కాబట్టి అది మీరు లాగించేయండి.

ఎట్నాకి సగం రోజు ట్రిప్పులు ఊళ్లోంచే ఉంటాయి. బస్సు, కారు వెళ్లేది రిఫుజో సాపియెంజా అనే చోటు దాకా, 1,900 మీటర్ల ఎత్తు. అక్కడే 1892లో పుట్టిన సిల్వెస్త్రి అనే అగ్నిపర్వత బిలాల పక్కన నడవొచ్చు, కేబుల్ కార్ ఎక్కితే 2,500. శిఖరం 3,300 పైనే, అక్కడికి మనకి పని లేదు.

మ్యూనిక్_మాస్టారు:
అక్కా, దెబ్బకి క్లియర్ అయింది, పైనే చూస్తున్నా, లిఫ్ట్ గురించి మెయిల్ కూడా పెట్టేశా. వెంకట్ గారూ, అల్ బుర్రో సంగతి నిజంగా పుణ్యం కట్టుకున్నారు. ఎట్నా బద్దలైతే ఫ్లైట్ల పరిస్థితి ఏంటి?

కటానియా_కోడలు:
బూడిద ఎక్కువైతే కటానియా ఎయిర్‌పోర్ట్ ఆపేస్తారు, 2023 ఆగస్టులో అలాగే ఆపేశారు. వెళ్లే రోజు కాదు గానీ తిరుగు ప్రయాణం రోజున మాత్రం అమ్మావాళ్ల ఇండియా ఫ్లైట్ వెంటనే పెట్టుకోకండి, మధ్యలో ఖాళీ ఉంచండి. ఎయిర్‌పోర్ట్ నుంచి తావోర్మినాకి నేరుగా బస్సుంది, గంటా పావు అటూ ఇటూగా.

ఇంకోటి, నాన్నగారు రైల్వే అన్నారు కదా. రోమ్ నుంచి సిసిలీ వచ్చే రైలుని ఇటలీ ప్రధాన భూభాగం చివరనున్న విల్లా సాన్ జొవాన్ని దగ్గర పెట్టెలు విడదీసి ఓడలోకి ఎక్కిస్తారు, సిసిలీ ఒడ్డున మెస్సీనాలో మళ్లీ పట్టాల మీదికి దించుతారు. ప్రయాణం చాలా పొడుగు, అమ్మగారికి వద్దు. ఆవిడా మీ ఆవిడా విమానంలో వస్తే మీరిద్దరూ రైల్లో రావచ్చు, అడిగి చూడండి.

మ్యూనిక్_మాస్టారు:
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా. ఎట్నా గురించి మాట్లాడటం మానేశారు, ఇంజన్ కూడా ఓడలోకి ఎక్కుతుందా లేక పెట్టెలేనా అని అడుగుతున్నారు.

వెజ్_వెంకట్:
హహ, ఆ జవాబు ఆయన్నే అక్కడికెళ్లి చూసి చెప్పమనండి. ఎట్నాకి మాత్రం ఇద్దరికీ గాలి ఆపే జాకెట్, మంచి బూట్లు పెట్టండి, కింద ఎండ మండుతున్నా పైన గాలి వణికిస్తుంది, చెప్పుల్లోకి ఆ నల్ల రాళ్లపొడి దూరిపోతుంది.