మెరక పోసిన వరిచేలో ఇల్లు: రోలర్ తొక్కితే చాలా, ఏళ్లు ఆగాలా?

మూడోఏడు_సివిల్: కోనసీమలో ఒక వరిచేను. మీటరున్నర ఎర్ర గ్రావెల్ తోలి మెరక చేసి, దాని మీద రెండంతస్తుల ఇల్లు కట్టాలి. కింద 4 మీటర్ల నల్ల బంకమట్టి, ఆ కింద ఇసుక. నీళ్లు దాదాపు నేలమట్టానికే ఉన్నాయి. మెరకకి 95 శాతం ప్రాక్టర్ డెన్సిటీ (ల్యాబ్‌లో కొట్టి చూసిన గరిష్ఠ బిగువులో 95 శాతం) వస్తే ఇక దిగదని కొందరు, కన్సాలిడేషన్ (కింది మట్టిలో నీళ్లు పోయి అణగడం) అయ్యేదాకా ఆగాలని కొందరు చెప్తున్నారు. ఏది సరైందండి?

రోలర్_దారి: 95 వస్తే చాలు. అది రావడమే కష్టం. వదులు మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా పరచాలి. తేమ ఆప్టిమమ్‌కి, అంటే మట్టి బాగా బిగిసే తేమకి, 2 శాతం అటూ ఇటూ ఉండాలి. ప్రతి పొరకీ టెస్టు చేశాకే పైపొర. గ్రావెల్‌లో రాళ్లుంటే కోర్ కట్టర్ (నమూనా తీసే గొట్టం) సరిగ్గా దిగదు, గుంట తీసి ఇసుక పోసి కొలవాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది: నీళ్లు కట్టి వారం రోజులు నానబెట్టేసి పనైపోయిందనుకోవడం. బొండు ఇసుకకైతే అది పనిచేస్తుంది. జిగురున్న ఎర్రమట్టికి తేమ మించిపోయి, రోలర్ ఎక్కితే పరుపులా ఊగుతుంది.

ఒండ్రునేల: మీరు చెప్పింది పైన పోసిన మట్టి గురించి. అడిగింది కింద ఉన్న మట్టి గురించి. కంపాక్షన్‌లో సందుల్లోంచి గాలి పోతుంది, రోలర్ వెళ్లేసరికే పనైపోతుంది. కన్సాలిడేషన్‌లో నీళ్లు పోతాయి. బంకమట్టిలోంచి నీళ్లు పోవడానికి ఏళ్లు పడుతుంది. మెరక బరువు మొదట ఆ నీళ్ల మీదే పడుతుంది, నీళ్లు తప్పుకున్న కొద్దీ రేణువుల మీదికి వస్తుంది. 1925లో సాయిల్ మెకానిక్స్‌కి ఆద్యుడైన టెర్జాగి పుస్తకం వేసినప్పటి నుంచీ ఎఫెక్టివ్ స్ట్రెస్ అంటే రేణువుల మీద పడే ఈ ఒత్తిడే.

లెక్క చూడు బాబూ. గ్రావెల్ మీటరున్నర, ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు. చదరపు మీటరుకి 27 కిలోన్యూటన్లు, అదీ స్థలం మొత్తం మీద. రెండంతస్తుల ఇల్లు సుమారు 20. అంటే ఇంటి కన్నా మెరకే బరువు.

కాలవగట్టు: మెరక బరువుని లోడ్‌లో వేయని డిజైన్లే ఎక్కువ. ఇది రాసుకో తమ్ముడూ.

రోలర్_దారి: బరువు సరే. దిగేది ఎంతో చెప్పండి.

ఒండ్రునేల: లిక్విడ్ లిమిట్ (మట్టి జారుడుగా మారే తేమ శాతం) 65 అనుకుందాం. అందులోంచి 10 తీసేసి 0.009తో గుణిస్తే కంప్రెషన్ ఇండెక్స్, అంటే బరువుకి మట్టి ఎంత అణుగుతుందో చెప్పే అంకె, 0.495. వాయిడ్ రేషియో (రేణువులతో పోలిస్తే సందుల ఘనపరిమాణం) 1.1. పొర మధ్యలో, అంటే 2 మీటర్ల లోతున, ఇప్పుడున్న ఎఫెక్టివ్ స్ట్రెస్ 16. మెరకతో 43 అవుతుంది. లాగరిథమ్ వేస్తే 40 సెంటీమీటర్లు.

రోలర్_దారి: 40 సెంటీమీటర్లా! అదే నిజమైతే డెల్టాలో మెరక చేసి కట్టిన ఇళ్లన్నీ గుమ్మాల దాకా దిగిపోవాలి. ఆ సూత్రం నార్మల్లీ కన్సాలిడేటెడ్ మట్టికి, అంటే ఇప్పుడున్న దానికన్నా ఎక్కువ ఒత్తిడి ఎప్పుడూ చూడని మట్టికి. వేసవిలో కాలవలు కట్టేశాక చేలు నెరలు తీయడం ఎప్పుడైనా చూశారా? అలా ఏటా ఎండిన మట్టి అంతకుముందే అణిగిపోయి ఉంటుంది. అక్కడ రీకంప్రెషన్ ఇండెక్స్ (ఒకసారి అణిగిన మట్టికి వాడే అంకె) వాడాలి. అది కంప్రెషన్ ఇండెక్స్‌లో ఐదో వంతో పదో వంతో ఉంటుంది. లిక్విడ్ లిమిట్ ఒక్కటి పట్టుకుని జనాన్ని భయపెట్టకండి.

ఒండ్రునేల: ఎండేది పైభాగం. కిందది ఏడాది పొడుగునా తడిలోనే ఉంటుంది. పోనీ, మొత్తం మీరన్నట్టే ఐదో వంతు అనుకోండి: 8 సెంటీమీటర్లు. బంకమట్టి మీద విడి ఫుటింగులకి (స్తంభాల కింది పునాదులకి) పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ఒప్పుకునేది 75 మిల్లీమీటర్లు. ఇల్లు దింపేది ఇంకా కలపనే లేదు.

రోలర్_దారి: ఫుటింగ్ వేసేలోపు దిగింది ఆ 75లోకి రాదండి. అదెందుకు చెప్పరు?

ఒండ్రునేల: ఎప్పుడు వేస్తారన్నదే కదా నా ప్రశ్న! గ్రావెల్ పోసిన నెలకే ముగ్గు పోసేస్తారు. డెన్సిటీ రిపోర్టు అందరూ అడిగి మరీ తీసుకుంటారు. దిగుబాటు గురించి సాయిల్ రిపోర్టులో మేం రాసిన పేజీ ఒక్కరూ తిప్పరు. గోడ బీటలు వారాక మాత్రం సాయిల్ వాళ్లనే తిడతారు.

రోలర్_దారి: ఎందుకు తిప్పుతారండి? అందులో ఆగమనే తప్ప ఎన్నాళ్లో ఉండదు. అద్దె కడుతూ, బ్యాంకు వడ్డీ కడుతూ ఉన్నవాడికి "కన్సాలిడేషన్ అయ్యేదాకా" అంటే ఏం అర్థమవుతుంది? నా కోపం మీ సూత్రం మీద కాదు, దీని మీద.

ఒండ్రునేల: ఆ మాట ఒప్పుకుంటాను. నెలల్లో చెప్పాలి. సీవీ, అంటే కన్సాలిడేషన్ వేగాన్ని చెప్పే అంకె, ఏడాదికి 1 చదరపు మీటరు అనుకుంటే, పైన గ్రావెల్, కింద ఇసుక కాబట్టి నీళ్లకి రెండు దారులు. దూరం 2 మీటర్లు. 90 శాతం దిగడానికి 3.4 ఏళ్లు. కింద ఇసుక లేకపోతే నాలుగింతలు. కానీ మొదటి ఏడాదిలోనే 56 శాతం దిగిపోతుంది. అందుకే ఇల్లు కట్టే ముందటేడే మెరక పోయమంటాను. వీలైతే ఇంకో మీటరు అదనంగా పోసి ఉంచాలి. అది 18 కిలోన్యూటన్లు, దాదాపు ఇంటి బరువు. ఏడాది తర్వాత తీసేసి ఇంకో చోట వాడుకోవచ్చు.

రోలర్_దారి: ఆ అదనపు మీటరు తోలడానికీ తీయడానికీ లారీ కిరాయి ఎవరిస్తారు? ముందటేడు మెరక పోయడం వరకు నాకూ సమ్మతమే. అదనపు మట్టికి నేను ఒప్పుకోను.

కాలవగట్టు: ఇద్దరూ మొత్తం ఎంత దిగుతుందనే చూస్తున్నారు. ఇంటిని చీల్చేది ఒక్కో చోట ఒక్కోలా దిగే తేడా. స్తంభాల మధ్య 4 మీటర్లుంటే ఒప్పుకునే తేడా 6 మిల్లీమీటర్లే. చేల గట్టు వెంట పాత బోదె ఉంటుంది. పూడ్చేసి దాని మీదే గ్రావెల్ తోలేస్తారు. ఒక మూల బోదె బురద మీద, మిగతాది గట్టినేల మీద పడుతుంది. ముందు ఆ బురద ఎత్తి ఇసుకతో నింపించండి.

మూడోఏడు_సివిల్: గ్రావెల్ లారీలు వచ్చే సోమవారం నుంచట. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఒండ్రునేల: ఉంది. అర మీటరు చదరం ఇనప పలకకి నిలువు రాడ్ వెల్డ్ చేయించి, గ్రావెల్ పడకముందే చేను మీద నాలుగు మూలలా, మధ్యలో పెట్టు. రాడ్‌కి పైపు తొడుగు ఉండాలి, లేకపోతే చుట్టూ మట్టి పట్టేస్తుంది. బెంచ్‌మార్క్ (ఎత్తు పోల్చుకునే కదలని గుర్తు) మెరక మీద వద్దు, అదీ దిగుతుంది. పాత కల్వర్టు గోడ మీద పెట్టుకో. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి రాడ్ల లెవెల్ తీసి, ఎంత దిగిందో రాసుకో.

రోలర్_దారి: రోలర్ డ్రైవర్‌కి ఆ రాడ్లు ముందే చూపించు. ఎర్ర గుడ్డ కట్టు. వాటి చుట్టూ మీటరు మేర చేతి ర్యామర్‌తోనే కొట్టించు.