వైజాగ్ కైలాసగిరి మీద మెట్లు ఎక్కలేనివాళ్లకు సముద్రం ఎక్కడినుంచి బాగా కనిపిస్తుంది?

మాది తిరుపతి. సంక్రాంతి తర్వాత అమ్మను వైజాగ్ తీసుకెళ్తున్నాను. ఆమెకు 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునైన నేల మీద మెల్లగా వంద మీటర్లు నడుస్తుంది. మెట్లయితే మాత్రం రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఆగుతుంది. ఐదారు మెట్లు దాటితే ఇక కూర్చోవాల్సిందే. ఒకప్పుడు అలిపిరి నుంచి 3550 మెట్లు నడిచి కొండెక్కిన మనిషి, ఇప్పుడు ఘాట్ రోడ్డు బస్సే దిక్కు. కొండ మీద నిలబడి సముద్రం చూడాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఆశ.

డాల్ఫిన్స్ నోస్ వైపు నేవీ ఆంక్షలు ఉంటాయని వదిలేశాం. రాస్ హిల్ మీద చర్చి దగ్గర నుంచి హార్బర్ బాగుంటుందట కానీ, అమ్మకు కావాల్సింది బీచ్, అలలు. అందుకే కైలాసగిరి అనుకున్నాం. రోప్‌వే అంటే ఆమెకు భయం, కారులోనే పైకి వెళ్తాం.

మ్యాప్‌లో ఫొటోలన్నీ చూశాను. శివపార్వతుల విగ్రహాలు, టాయ్ ట్రైన్ ఉన్నాయి గానీ దారి ఎలా ఉంటుందో తెలియడం లేదు. వీడియోల్లోనూ అంతే. ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేస్తే "అన్నీ చూపిస్తాం సార్" అంటారే తప్ప మెట్ల సంగతి చెప్పరు. అక్కడిదాకా వెళ్లి అమ్మ కారులోనే కూర్చోవాల్సి వస్తుందేమోనని నా టెన్షన్.

ఈమధ్య పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: పైన పార్కింగ్ నుంచి ఒక్క మెట్టు కూడా లేకుండా సముద్రం కనిపించే చోటు ఏది, అక్కడికి ఎంత దూరం నడవాలి?