షాపులో టాబ్లెట్లు, కన్వర్టిబుల్ లాప్‌టాప్‌లు ముట్టుకుని చూశాక వచ్చిన సందేహాలు

ప్రశ్న

నా వాడకం ఇది: పీడీఎఫ్‌లు చదవడం, వాటి అంచుల్లో పెన్‌తో రాసుకోవడం, మధ్యమధ్యలో వర్డ్, ఎక్సెల్. వీటన్నిటికీ ఒకటే పరికరం కొనాలని ఆలోచన. షాపులో మూడు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. 11 అంగుళాల మామూలు టాబ్లెట్, వెనక స్టాండు ఉండి కీబోర్డు ఊడివచ్చే రకం, స్క్రీను పూర్తిగా వెనక్కి మడతపడే 14 అంగుళాల 360 డిగ్రీల లాప్‌టాప్.

టాబ్లెట్‌లో పేజీ వేలికి అతుక్కుని కదిలినట్టుంది. 360 లాప్‌టాప్‌లో మాత్రం వేలి వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. పైగా దాని స్క్రీను పైమూల తడితే మొత్తం ఊగింది. టాబ్లెట్ మీద పెన్ ఆనిస్తే గీత మొన దగ్గర కాకుండా కాస్త పక్కన పడుతోంది. కీబోర్డు ఊడివచ్చే దాంట్లో ఒక మూల టచ్ సరిగ్గా పనిచేయలేదు. రెండుసార్లు ముట్టుకోకుండానే ఏదో తెరుచుకుంది.

వీటిలో మోడల్ లోపం ఏది, ఆ డెమో పీసుకే ఉన్న జబ్బు ఏది, షాపులో పెట్టిన తీరు వల్ల వచ్చేది ఏది? మళ్ళీ వెళ్తే ఏమేం చేసి చూడాలి?

జవాబు 1

మీరు చెప్పిన ఐదింటికీ వేరువేరు కారణాలున్నాయండీ.

ముందు ముట్టుకోకుండా తెరుచుకోవడం సంగతి. గాజు కింద సన్నటి తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అక్కడ కెపాసిటెన్స్ (విద్యుత్ ఛార్జిని నిలుపుకునే గుణం) కొద్దిగా మారుతుంది, ఆ మార్పునే చిప్ టచ్‌గా లెక్కిస్తుంది. నాసిరకం ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్, అంటే కరెంటులోని ఒడిదుడుకులు, ఆ చిన్న మార్పును మింగేయగలదు, లేని టచ్‌ను పుట్టించనూ గలదు. డెమో పీసులు పొద్దస్తమానం ఛార్జింగ్‌లోనే ఉంటాయి, ఆ కరెంటు కూడా చాలాసార్లు దొంగల భయానికి బిగించిన అలారం కేబుల్ గుండానే వస్తుంది. సిబ్బందికి చెప్పి ఆ కేబుల్ తీయించండి, మెత్తని గుడ్డతో స్క్రీను తుడిచి మళ్ళీ చూడండి. పైన మందపాటి గాజు ప్రొటెక్టర్ ఉందేమో కూడా గమనించండి, టచ్ మొద్దుబారడానికి అదీ ఒక కారణమే.

మూల పనిచేయకపోతే పెయింట్ (విండోస్‌లో బొమ్మలు గీసే ప్రోగ్రామ్) తెరవండి. బ్రష్ ఎంచుకుని, ఒక్క వేలితో నెమ్మదిగా ఎడమ అంచు నుంచి కుడి అంచుకు అడ్డగీతలు, తర్వాత నిలువుగీతలు గీయండి. గీతకీ గీతకీ మధ్య వేలి వెడల్పు ఉంటే చాలు. గీత ప్రతిసారీ ఒకే చోట తెగితే ఆ పీసు టచ్ ప్యానెల్ పోయినట్టే. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ తెగితే అది నాయిస్, లేదా జిడ్డు. పెయింట్ టూల్‌బార్ కిందికి గీత వెళ్ళదు కదా, ఆ భాగానికి ఏదో ఒక ప్రోగ్రామ్ విండోని వేలితో పట్టుకుని స్క్రీను నాలుగు అంచుల వెంబడి లాగి చూడాలి. మధ్యలో చేయి జారినట్టు వదిలేసిందంటే అక్కడ అనుమానించాల్సిందే.

పేజీ ఈడ్చుకుంటూ రావడానికి ఎక్కువగా రిఫ్రెష్ రేటే కారణం. 60 హెర్ట్జ్ స్క్రీను 16.7 మిల్లీసెకండ్లకు ఒక కొత్త బొమ్మ వేస్తుంది, 120 హెర్ట్జ్‌ది 8.3కి. వేలు సెకనుకి 30 సెంటీమీటర్లు కదిలిందనుకోండి, 60 దగ్గర రెండు బొమ్మల మధ్య అది 5 మిల్లీమీటర్లు ముందుకెళ్ళిపోతుంది. కంటికి కనబడే వెనకబాటులో అదొక భాగం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 120 హెర్ట్జ్ ప్యానెల్ ఉన్నా సెట్టింగ్ 60 మీద ఉండిపోయిన లాప్‌టాప్‌లు ఉంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్తే ఇప్పుడు ఎంత మీద నడుస్తోందో, ఇంకా ఏ రేట్లు ఉన్నాయో కనబడతాయి. అది చూడకుండా తీర్పు ఇవ్వకండి.

ఊగడం మాత్రం ఏ లాప్‌టాప్‌కైనా ఉండేదే. పైమూల కీలుకి అన్నిటికన్నా దూరం కాబట్టి అక్కడ తడితే కీలు మీద పడే మెలితిప్పు కూడా ఎక్కువే. ఊగిందా లేదా అన్నది కాదు, ఎంతసేపు ఊగిందన్నది చూడండి. ఒకటి రెండు ఊపుల్లో నిలిస్తే కీలు బాగున్నట్టు. అడుగుభాగం పట్టుకుని కొద్దిగా కదిలించినప్పుడు స్క్రీను తనంతట తానే వెనక్కి వాలిపోతుంటే ఆ పీసుకి కీలు వదులైంది. పూర్తిగా మడిచాక రెండు భాగాల మధ్య సందు ఎడమ వైపూ కుడి వైపూ ఒకేలా ఉండాలి.

ఇక పక్కన పడే గీత. కంటిని సరిగ్గా పెన్ మొనకు నిట్టనిలువుగా పైకి తెచ్చి చూడండి. ఎడం మాయమైతే అది పారలాక్స్, అంటే చూసే కోణం వల్ల పక్కకి జరిగినట్టు కనబడడం. గాజుకీ డిస్‌ప్లేకీ మధ్య గాలి పొర ఉన్న స్క్రీన్లలో ఇది తప్పదు. ఉదాహరణకు 2022లో వచ్చిన 10వ తరం ఐప్యాడ్ ఇలాంటిదే, ఐప్యాడ్ ఎయిర్‌లో ఆ రెండూ అతికించి ఉంటాయి. పైనుంచి చూసినా ఎడం పోలేదంటే కాలిబ్రేషన్ (పెన్ చోటునీ స్క్రీను చోటునీ సరిపెట్టడం) తప్పినట్టు. విండోస్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లో దాన్ని సరిచేయొచ్చు.

జవాబు 2

పై జవాబులో స్క్రీను సంగతి చక్కగా వచ్చింది. మీరు రాసుకోవడానికి కొంటున్నారు కాబట్టి అసలు పరీక్ష పెన్‌కే పెట్టాలి. అది చేతికి కుదరకపోతే మిగతా హంగులు ఎన్నున్నా నాలుగు రోజుల్లో మళ్ళీ కాగితం దగ్గరికే వెళ్తారు.

నోట్స్ యాప్ తెరిచి ముందు అరచేతిని స్క్రీను మీద పూర్తిగా ఆనించండి, ఆ తర్వాతే పెన్ దించండి. మనం కాగితం మీద రాసే వరుస అదే. షాపుల్లో అందరూ చేతిని గాల్లో ఉంచి సంతకం పెట్టి చూస్తారు, అందుకే అరచేతి మచ్చలు పడే రోగం ఇంటికెళ్ళాక బయటపడుతుంది.

తర్వాత ఏదైనా కార్డు అంచునో స్కేలునో ఆనించి, పెన్‌తో ఏటవాలుగా, చాలా నెమ్మదిగా గీత లాగండి. ఒక్క గీతకి ఐదారు సెకన్లు పట్టాలి. కొన్ని పెన్ టెక్నాలజీల్లో ఆ గీత తిన్నగా రాదు, పాము నడకలా అలలు తిరుగుతుంది. వేగంగా గీస్తే ఇది కనబడదు, నెమ్మదిగా గీస్తేనే దొరుకుతుంది. డ్రాయింగ్ వేసేవాళ్ళకి ఇది పెద్ద సమస్య, నోట్స్‌కి కొంతవరకు సర్దుకోవచ్చు.

నోట్స్‌కి అసలు పరీక్ష చిన్న అక్షరాలు. ‘క్షణం’, ‘ఋణం’, ‘ఖర్చు’ అని మీ మామూలు వేగంతో, పుస్తకంలో రాసేంత చిన్నగా రాయండి. మన లిపిలో చిన్న చిన్న సున్నలు, మెలికలు ఎక్కువ. పెన్ సరిగ్గా అందుకోకపోతే ‘ణ’లో మెలికలు మూసుకుపోయి ముద్దవుతాయి, తలకట్టు ఎగిరిపోతుంది, కామాలు అసలు పడవు. ఇంగ్లీషు సంతకంలో దొరకని తప్పులు ఇక్కడ ఇట్టే దొరుకుతాయి. రాసేటప్పుడు పెన్ బరువు మాత్రమే ఆనేలా తేలిగ్గా కూడా రాయండి, అప్పుడు గీత పడకపోతే రోజంతా అదిమి రాయాల్సి వస్తుంది, వేళ్ళు నొప్పెడతాయి.

డెమో పెన్‌ని వందలమంది వాడి ఉంటారు. మొన అరిగి ఒకవైపు చదునుగా ఉంటే జారుతున్నట్టో గీసుకుంటున్నట్టో అనిపిస్తుంది. ఆ తప్పు స్క్రీనుది కాదు, వేరే మొనతో చూపించమనండి.

ఒక పెన్ ఇంకో కంపెనీ స్క్రీను మీద పనిచేస్తుందని అనుకోకండి. ఆపిల్ పెన్సిల్ ఐప్యాడ్‌కే. సర్ఫేస్ పెన్నులు ఎంపీపీ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో పనిచేస్తాయి. వాకామ్ ఏఈఎస్ వేరు, క్రోమ్‌బుక్‌లలో ఎక్కువగా కనబడే యూఎస్ఐ వేరు. సామ్‌సంగ్ ఎస్ పెన్ ఈఎమ్ఆర్ రకం, అంటే స్క్రీను నుంచే శక్తి అందుకునేది, రాయడానికి దానికి బ్యాటరీయే అక్కర్లేదు. రబ్బరు మొన స్టైలస్ అన్నిటి మీదా గీస్తుంది గానీ దానికి ఒత్తిడి తేడా తెలియదు, మీ అరచేతికీ దానికీ తేడా స్క్రీనుకి తెలియదు. విండోస్ మెషీన్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌కి వెళ్తే ‘పెన్ అండ్ టచ్’ అన్న వరుస ఉంటుంది. అక్కడ టచ్ ఒక్కటే రాసి ఉండి పెన్ మాట లేకపోతే దాని మీద అసలైన పెన్ పనిచేయదు, సేల్స్‌మన్ ఏం చెప్పినా సరే.

పెట్టెలో పెన్, కీబోర్డు ఉన్నాయా, విడిగా కొనాలా అన్నది కూడా అక్కడే అడగండి. ఊడివచ్చే రకాల్లో చాలావాటికి అవి విడిగానే అమ్ముతారు.

జవాబు 3

పెన్‌కే పెద్దపీట అన్న మాట దగ్గర నాది కొంచెం వేరే అభిప్రాయం. పీడీఎఫ్ చదివేవాళ్ళకి స్క్రీను ఆకారం, పట్టుకున్నప్పటి బరువు ముందు, పెన్ తర్వాత.

లెక్క చూడండి. ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు. 11 అంగుళాల 16:10 (పొడుగు, పొట్టి అంచుల నిష్పత్తి) టాబ్లెట్‌ని నిలువుగా పట్టుకుంటే స్క్రీను వెడల్పు దాదాపు 14.8, అంటే పేజీ 70 శాతానికి కుంచించుకుపోతుంది. 10 పాయింట్ల అక్షరం 7 పాయింట్లంత అవుతుంది. 10.9 అంగుళాల ఐప్యాడ్ ఆకారం ఏ4కి బాగా దగ్గర, అందులో 75 శాతం వస్తుంది. 13 అంగుళాల 3:2 స్క్రీనులో వెడల్పు 18.3, అంటే 87 శాతం. 14 అంగుళాల 16:10 లాప్‌టాప్‌లో 18.8, దాదాపు 90. అంటే 13 అంగుళాల 3:2, 14 అంగుళాల 16:10 చదవడానికి ఇంచుమించు ఒకటే. బరువులో మాత్రం మొదటిది కీబోర్డు లేకుండా 900 గ్రాముల లోపు దొరుకుతుంది, రెండోది సాధారణంగా కిలోన్నరకి అటూ ఇటూ.

ఆ కిలోన్నరని నిలబడి రెండు నిమిషాలు పట్టుకుంటే ఏమీ తెలియదు. కుర్చీ అడిగి కూర్చోండి. మడిచి ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో ఐదు నిమిషాలు రాయండి. మడిచిన 360 లాప్‌టాప్‌లో కీబోర్డు కింది వైపుకి వస్తుంది, పట్టుకున్న వేళ్ళకి మీటలు తగులుతుంటాయి. మడిచాక అవి పనిచేయకూడదు. నోట్‌ప్యాడ్ తెరిచి ఉంచి వెనక మీటలు నొక్కండి, అక్షరాలు పడితే సెన్సర్ తేడాగా ఉన్నట్టు. గాలి వెళ్ళే రంధ్రాలు మీ చేతి కిందికి వస్తున్నాయా, పవర్ బటన్ బొటనవేలి కింద పడుతోందా అని కూడా చూడండి. ఇవి కొన్నాక మార్చలేని విషయాలు.

స్టాండు ఉన్న రకాన్ని తప్పనిసరిగా ఒళ్ళో పెట్టుకుని చూడండి. కీబోర్డు, దాని వెనక చాచిన స్టాండు కలిపి తొడల మీద 30 సెంటీమీటర్లకు పైగా చోటు కావాలి. కాళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళకి స్టాండు అంచు మోకాళ్ళు దాటిపోతుంది. బల్ల మీద ముచ్చటగా నిలబడినది ఒళ్ళో నిలబడకపోవచ్చు.

ఇంకొకటి. విండోస్ 10లో టాబ్లెట్ మోడ్ అని విడిగా ఉండేది. విండోస్ 11లో అది తీసేశారు, కీబోర్డు ఊడదీసినా మడిచినా ఐకాన్ల మధ్య ఎడం కాస్త పెరగడం లాంటి చిన్న మార్పులే ఉంటాయి. అందుకని ఎక్సెల్ తెరిచి, వేలితో ఒక గడి ఎంచుకుని, దాని మూల పట్టుకుని లాగి చూడండి. వర్డ్, ఎక్సెల్‌కి కీబోర్డు, టచ్‌ప్యాడ్ కావాలని ఆ ఒక్క పనితో తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు మిగిలాయి. డెమో పీసుల్లో వీడియో తిరుగుతూనే ఉంటుంది, పెయింట్ తెరవనిస్తారా? స్క్రీన్లన్నీ అక్కడ ధగధగా మెరుస్తున్నాయి, బ్రైట్‌నెస్‌లో తేడా ఎలా పట్టుకోవాలి?

జవాబు 1

స్క్రీను ముట్టుకున్నా, ఏదైనా మీట నొక్కినా ఆ వీడియో చాలావరకు ఆగిపోతుంది. కొన్ని డెమో మోడ్‌లలో సెట్టింగ్స్‌కి తాళం వేసి ఉంటుంది, అప్పుడు సిబ్బందినే తెరిపించమనాలి. పనిలో పని, విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. ర్యామ్ ఎంతో, ప్రాసెసర్ ఏదో అక్కడ కనబడుతుంది. ఊడివచ్చే రకాల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ అయితే (అది ఆర్మ్ అనే వేరే రకం చిప్) మీ ప్రింటర్‌కి ఆర్మ్ డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఉందో లేదో కనుక్కున్నాకే కొనండి.

బ్రైట్‌నెస్ డెమోలో ఎప్పుడూ నిండుగానే పెడతారు. పక్కపక్కన రెండిటినీ సగానికి తగ్గించి, రెండింట్లోనూ తెల్లటి పీడీఎఫ్ పేజీ తెరవండి. టేబుల్ మీద పరుచుకుని, పైన దీపాలు ప్రతిఫలించేలా పెట్టి ఒక పేరా చదవండి. రాసేటప్పుడు మీరు పెట్టుకునే కోణం అదే. ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) టచ్ స్క్రీన్లలో కొన్నిటికి తెల్లటి నేపథ్యం మీద సన్నటి ఇసుక చల్లినట్టు గరుకు కనబడుతుంది, గాజు కింది టచ్ వల అది. వీడియోలో అసలు తెలియదు, తెల్ల పేజీలో తెలుస్తుంది. అది కంటికి ఇబ్బందిగా ఉంటే ఆ మోడల్ వదిలేయండి, అలవాటవుతుందని ఎవరన్నా వినకండి.

జవాబు 2

మీకు ఇచ్చేది సీల్ వేసిన వేరే పీసు కాబట్టి పెయింట్‌లో అడ్డగీతలు, నిలువుగీతల పరీక్ష, స్కేలు గీత, మడిచి మీటలు నొక్కడం, ఈ మూడూ పెట్టె విప్పిన రోజే మళ్ళీ చేయండి. ముందు బ్యాటరీ మీద, తర్వాత పెట్టెలో వచ్చిన ఛార్జర్ పెట్టి. స్క్రీను ప్రొటెక్టర్ అతికించేది ఆ తర్వాతే, లేకపోతే తప్పు గాజుదో ప్రొటెక్టర్‌దో తేల్చుకోలేరు, మార్చుకునే గడువు ఈలోపు అయిపోతుంది.