90 ఏళ్ల మండువా ఇల్లు కొనే ముందు ఎవరికి చూపించాలి?

లంకల_అల్లుడు:

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో మండువా లోగిలి (నడుమ ఆకాశానికి తెరిచి ఉండే వాకిలి ఉన్న పాతకాలం ఇల్లు) అమ్మకానికి వచ్చింది. కట్టి 90 ఏళ్లు దాటిందని అమ్మేవాళ్లు చెప్తున్నారు. మా ఆవిడ పుట్టిల్లు అక్కడికి దగ్గరే, రిటైరయ్యాక ఆ ఊళ్లోనే ఉండాలని ఇద్దరికీ ఎప్పటినుంచో ఆశ, అందుకే ఇల్లు చూడగానే మనసు పడిపోయింది. ఇటుక గోడలు, సున్నం, పైన పెంకు, లోపల టేకు స్తంభాలు, మండువా చుట్టూ వసారా, వీధి వైపు అరుగులు. వెనక రెండు గదులకి మాత్రం ఎప్పుడో పెంకు తీసేసి స్లాబ్ వేశారు.

భయపెడుతున్నవి రెండు. తూర్పు గోడకి కిటికీ పై మూల నుంచి చూరు దాకా ఏటవాలుగా ఒక పగులు ఉంది, పైకి వెళ్లేకొద్దీ వెడల్పు అవుతోంది. వంటింటి గోడకి కింద రెండడుగుల ఎత్తు వరకూ పూత రాలిపోయి తెల్లగా ఉప్పు పట్టింది. బ్రోకర్ని అడిగితే "ఆ కాలం కట్టడం సార్, ఇంకో వందేళ్లు ఢోకా లేదు" అంటాడు. వచ్చే నెల ముహూర్తాల్లోపు అడ్వాన్స్ ఇమ్మంటున్నారు. కొంత లోన్ పెడుతున్నాం కాబట్టి బ్యాంకు తరఫున వాల్యుయర్ వస్తాడట, అది సరిపోతుందా? లేక విడిగా ఎవరినైనా పిలవాలా? పిలిస్తే ఏం చూడమని చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సివిల్_రాజమండ్రి:

బ్యాంకు వాల్యుయర్ వచ్చేది బ్యాంకు కోసం, మీ కోసం కాదు. లోన్ ఎగ్గొడితే ఆ ఆస్తి అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా లేదా అన్నంత వరకే ఆయన చూస్తాడు. స్థలం విలువ గట్టిగా ఉంటే దూలం చివర పుచ్చిపోయిన సంగతి ఆయన రిపోర్టులో రాదు. విడిగా మనిషిని పిలవాల్సిందే, అది కూడా అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ముందే.

ఎవరిని పిలవాలి అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మామూలుగా అపార్ట్‌మెంట్లు డిజైన్ చేసే ఇంజనీర్లు కాంక్రీటు, కడ్డీలు చదువుకుని వచ్చినవాళ్లు, సున్నం గోడ ఎలా పనిచేస్తుందో చాలామందికి అనుభవం ఉండదు. నేను చూసిన రిపోర్టుల్లో సున్నం, ఇటుక గోడల మీద రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టిదనం కొలిచే పరికరం) కొట్టి అంకెలు రాసినవి ఉన్నాయి. ఆ పరికరంలో ఉండే లెక్కలు కాంక్రీటు కోసం తయారుచేసినవి, సున్నం గోడ మీద ఆ అంకెకి అర్థమే లేదు. పాత గుళ్లు, పాత బంగళాలు రిపేరు చేసిన అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్ గానీ, కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ గానీ కావాలి. పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే ఇంటాక్ (INTACH) సంస్థ వాళ్లకి హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చాప్టర్లు ఉన్నాయి, వాళ్లని అడిగితే ఇలాంటి పని చేసేవాళ్ల పేర్లు తెలుస్తాయి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, రేపు రిపేరు కాంట్రాక్టు చేయబోయే మనిషితో ఈ పరీక్ష చేయించకండి. చూసినందుకు ఫీజు తీసుకుని వెళ్లిపోయే మనిషే కావాలి.

ఇక మీ పగులు. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉందంటే సాధారణంగా ఆ మూల కిందికి దిగుతోందనో, గోడ పైభాగం బయటికి ఒరుగుతోందనో అర్థం. కింద వెడల్పుగా ఉంటే గోడ మధ్యభాగం కుంగిందని అనుమానించాలి. మీకు మొదటిది. గుండు దారం వేలాడదీసి ఆ గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూడమనండి. పెంకు బరువు వాసాల మీదుగా గోడల్ని ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది, ఎదురెదురు గోడల్ని పట్టి ఉంచేది అడ్డదూలాలే. ఆ దూలం చివర గోడలోపల పుచ్చితే పట్టు పోయి గోడ ఒరుగుతుంది. అప్పుడు పగులు పూడ్చి రంగేస్తే ఏమీ లాభం లేదు, పని పైన కప్పులో ఉంటుంది.

రెండో అనుమానం నేల. డెల్టాలో బంకమట్టి వానల్లో ఉబ్బుతుంది, కాలవలకి నీళ్లు ఆపేసిన ఎండాకాలంలో నీటిమట్టం దిగి బిగుసుకుపోతుంది. అలాంటి చోట పగుళ్లు మేలో తెరుచుకుని శ్రావణంలో మూసుకుంటాయి. ఏటా అలా తెరుచుకుని మూసుకునే పగులు వేరు, ఒకే దిశలో పెరుగుతూ పోయే పగులు వేరు, భయపడాల్సింది రెండోదానికి. తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది: పగులుకి అడ్డంగా సన్నని అద్దం ముక్క ప్లాస్టర్‌తో అతికించి తేదీ రాయండి, పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత గీసి అక్కడా తేదీ వేయండి. అద్దం పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. దీనికి నెలలు పడుతుంది, వచ్చే నెల ముహూర్తం కోసం తొందరపడితే కుదరదు. అమ్మేవాళ్ల అనుమతితో ఆ మూల దగ్గర ఒకే ఒక్క చోట చిన్న గొయ్యి తీయించి పునాది ఎంత లోతుందో, ఏ మట్టి మీద కూర్చుందో చూడాలి. ఇంజనీరు పక్కన లేకుండా పునాది దగ్గర తవ్వించకండి.

కొయ్యపని_కుటుంబం:

మాది మూడు తరాలుగా వడ్రంగం, రావులపాలెం వైపు. ఇంజనీరు గారు చెప్పినది నిజం, దాంతోపాటు కర్ర తెలిసిన ఒక పెద్ద వడ్రంగిని కూడా తీసుకెళ్లండి. "అంతా టేకే" అని అమ్మేవాళ్లు అంటారు, వాళ్ల తాతల నాడు అది నిజమే కావచ్చు. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో ఎన్ని కప్పులు లేచిపోయాయో మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత హడావిడిగా వేసిన వాసాలు చాలా ఇళ్లలో మామిడో, తాటికర్రో, దొరికిన కర్రో. వార్నిష్ వేస్తే కింద నుంచి చూసినవాళ్లకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి మొదటి ప్రశ్న "96లో ఏం పోయింది, ఏం మార్చారు" అని. రెండోది "1986 గోదావరి వరదలో ఇంట్లోకి నీళ్లు వచ్చాయా, ఎంత ఎత్తు వరకు" అని. ఇంట్లోవాళ్లనే కాదు, ఎదురింటి పెద్దవాళ్లని కూడా అడగండి.

చేవ (లోపలి గట్టి కర్ర) ఉన్న టేకుని చెద అంత తేలిగ్గా తినదు, కానీ చేవ పైన ఉండే తెల్లకర్రని తింటుంది. తాటి దూలమైతే బయట నల్లగా ఇనుములా ఉండి లోపల మెత్తన. సుత్తి కర్రతో తడుతూ వెళ్తే మంచి కర్ర ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ పొడవండి, సులువుగా దిగబడితే కథ అయిపోయినట్టే. కర్ర ఎక్కువగా పుచ్చేది మూడు చోట్ల. గోడలో దూరిన దూలం చివర, స్తంభం రాతి దిమ్మ మీద ఆనిన అడుగు, మండువా నాలుగు మూలల్లో రెండు కప్పులు కలిసే చోట నీళ్లు దిగే రేకు కింద. ఆ రేకు తుప్పు పట్టి చిల్లుపడితే వానంతా మూలవాసం తాగుతుంది. మిగతా ఇల్లు ఎంత బాగున్నా ఆ మూలలు చూడకుండా రేటు మాట్లాడకండి. అటక ఎక్కి, పెంకు కొన్నిచోట్ల తీసి చూడాలి. తీయనివ్వం అంటే ఆ కారణమేమిటో అడగండి.

ఇంకో సంగతి, ఈ ఇళ్లకి రెండు రకాల కొనుగోలుదార్లు వస్తారు. ఒకరు మీలాంటివాళ్లు. రెండోవాళ్లు ఇల్లు విప్పేసి కర్ర సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన అమ్ముకునే వ్యాపారులు. అమ్మేవాళ్లు చెప్పే రేటులో స్థలం విలువతోపాటు వ్యాపారి ఇచ్చిన కర్ర లెక్క కూడా కలిసి ఉంటుంది. అందుకని ఏ దూలం మంచిదో, ఏది పోయిందో కాగితం మీద ఉంటే బేరం మీ చేతిలో ఉంటుంది. ఇలాంటి ఇళ్లు విప్పి లారీల్లో వెళ్లిపోతుంటే మాకు కడుపు తరుక్కుపోతుంది, మీరు ఉండటానికి కొంటున్నారంటే చాలా సంతోషం.

లీడ్స్_నుంచి_సుజాత:

మేం ఇక్కడ ఇంగ్లండ్‌లో 1890ల నాటి ఇటుక ఇల్లు కొన్నాం. ఈ దేశంలో ఇల్లు కొనేముందు సర్వే అనేది మామూలు విషయం, సర్వేయర్ల వృత్తి సంస్థ రిక్స్ (RICS) దాన్ని లెవెల్ 1, 2, 3 అని మూడు రకాలుగా పెట్టింది. పాతవి, బాగా మార్పులు చేసినవి అయితే లెవెల్ 3 చేయించమంటారు. అలాంటి వ్యవస్థ మన దగ్గర లేదు కాబట్టి అదే పని మీరే పేర్చుకోవాలి. మా అనుభవంలో పనికొచ్చిన సంగతి ఒకటి. సర్వే చేసేవాళ్లు సాధారణంగా కంటికి కనిపించేదే చూస్తారు, తివాచీలు లేపరు, గోడలు తవ్వరు. రిపోర్టులో "అందుబాటులో లేదు కాబట్టి చూడలేదు" అన్న వాక్యాలు ఎన్ని ఉన్నాయో ముందు అవి చదవండి, ఎందుకంటే రోగం ఎక్కువగా అక్కడే ఉంటుంది. మీ ఇంజనీర్‌కి ప్రశ్నలు ముందే రాసి పంపండి. పగులుకి కారణం ఏమిటి, ఇంకా కదులుతోందా, వెంటనే చేయాల్సినదేది, ఐదేళ్లు ఆగగలిగేదేది, ఒక్కోదానికి సుమారు ఎంత. ప్రశ్న రాసివ్వకపోతే "పాత కట్టడం, జాగ్రత్త అవసరం" అని రెండు ముక్కలు రాసి చేతిలో పెడతారు.

ఇక ఉప్పు పట్టిన గోడ గురించి. మా ఇంట్లో కూడా అంతే, బయట ఎప్పుడో సిమెంటు పూశారు. సున్నం గోడలో తేమ బయటికి ఆరిపోవాలి, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పూయించాక గోడ నెమ్మదిగా ఆరింది.

లంకల_అల్లుడు:

చాలా చాలా థాంక్స్ అండి. నిన్న మా బావమరిదిని పంపించి కొన్ని అడిగించాను. 86లో అరుగు మీదికి నీళ్లు వచ్చాయి గానీ గడప దాటలేదట. వంటింటి గోడకి బయట సిమెంటు పూత ఉంది, సుజాత గారు చెప్పినట్టే. ఇంకో విషయం ఇప్పుడు బయటపడింది, మండువాకి ఉత్తరం వైపు భాగం వీళ్ల బాబాయి పిల్లలదట, పంపకాల్లో మండువా మధ్యగా గోడ కట్టేశారు. నేను చూసిన రోజు ఆ గోడ ప్రహరీ అనుకున్నాను. వెనక స్లాబ్ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా ఉంది. ఇవి పెద్ద సమస్యలా?

సివిల్_రాజమండ్రి:

రెండూ పెద్దవే, మొదటిది ఇంకా పెద్దది. పంపకాల గోడకి పునాది ఉంటుందో లేదో అనుమానమే, చాలాసార్లు గచ్చు మీదే లేపేస్తారు. దానికన్నా ముఖ్యం, కప్పు మాత్రం ఇప్పటికీ ఒకటే. వెన్నుదూలం మీ వైపు నుంచి వాళ్ల వైపుకి తెగకుండా వెళ్తుంటే, రేపు వాళ్లు తమ భాగం పడగొట్టి డాబా వేసుకున్న రోజున మీ కప్పుకి ఒక వైపు ఆసరా పోతుంది. మండువా నీళ్లు బయటికి పోయే తూము ఎవరి భాగంలో ఉందో చూడండి, వాళ్లది అయితే ఒక సిమెంటు ముద్దతో మూసేసినా మీ ఇల్లు మునుగుతుంది. ఇంజనీరు కప్పు ఎక్కడెక్కడ ఆనిందో గీసి ఇవ్వాలి, లాయరు పంపకాల దస్తావేజులో తూముకీ ఉమ్మడి గోడకీ ఏం రాశారో చదవాలి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) మాత్రమే తీసి ఊరుకోకండి, రిజిస్టరు కాని పంపకాలు అందులో కనిపించవు.

వెయ్యి లీటర్లు అంటే ఒక టన్ను నీళ్లు, అదీ పెంకు మాత్రమే మోయడానికి కట్టిన సున్నం గోడల మీద. స్లాబ్ కింద పూత ఊడి కడ్డీ కనిపిస్తోందా? ఉప్పుగాలి తగిలే చోట కడ్డీ తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. హ్యామర్ పరీక్ష పనికొచ్చేది ఇక్కడే, స్లాబ్‌కి చేయించండి. కొంటే మాత్రం ట్యాంకు దింపి నేలమీద స్టాండ్ కట్టించడం మొదటి పని.

ద్రాక్షారామం_వాసి:

ఒక చిన్న చేర్పు. ఆ ఊళ్లో పురావస్తుశాఖ రక్షణలో ఉన్న గుడి ఏదైనా ఉందేమో కనుక్కోండి. మా భీమేశ్వరాలయం అలాంటిదే. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రణ. 100 మీటర్ల లోపు 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇంటికి రిపేర్లు చేసుకోవచ్చు గానీ అనుమతి తీసుకోవాలి. ఇంజనీరు రాసిచ్చే పనుల జాబితా చూశాక, అవి అక్కడ చేయనిస్తారా లేదా అన్నది కొనకముందే తేల్చుకోవాలి.

లంకల_అల్లుడు:

మా ఊళ్లో అలాంటి గుడి లేదండి, అయినా కనుక్కుంటాను. వచ్చే నెల అడ్వాన్స్ ఇవ్వం అని ఈరోజే చెప్పేశాం. మా ఆవిడకి కాస్త బాధగానే ఉంది. వాళ్లు కనీసం బయానా (బేరం ఖాయమని ఇచ్చే చిన్న మొత్తం) అయినా ఇమ్మంటున్నారు, లేకపోతే వేరే పార్టీ ఉందంటున్నారు.

కొయ్యపని_కుటుంబం:

ఇస్తే చిన్న మొత్తం ఇవ్వండి, కానీ చేతికాగితం మీద అయినా సరే ఒక షరతు రాయించండి. మీ మనిషి అటక, దూలాల చివర్లు, పునాది చూడటానికి వాళ్లు ఒప్పుకోవాలి, రిపోర్టు మీకు నచ్చకపోతే బయానా మొత్తం వెనక్కి ఇవ్వాలి. రెండు పక్షాల సంతకం, ఇద్దరు సాక్షులు. వాళ్ల వైపు అన్నదమ్ములు ఎంతమంది ఉంటే అందరి సంతకాలూ ఉండాలి. రాయడానికి ఒప్పుకోకపోతే ఒక్క రూపాయి కూడా కదపకండి. మా నాన్నగారు ఇంకా పనికి వెళ్తారు, పాత కప్పులంటే ఆయనకి ప్రాణం. మీరు ఇంజనీర్‌ని తీసుకెళ్లే రోజు ముందుగా చెప్తే నిచ్చెన, ఉలి తీసుకుని ఆయన కూడా వస్తారు, మెసేజ్ పెట్టండి.