300జీ, 300జీబీ: పార్టిషన్ తగ్గించాక డిస్క్ మౌంట్ కావడం లేదు

ప్రశ్న – కొర్లగుంట, తిరుపతి
మా స్టూడియోలోని 500 జీబీ డిస్క్‌లో రెండవ పార్టిషన్‌ను (డిస్క్‌లో విడదీసిన భాగాన్ని) తగ్గించాలని నిన్న రాత్రి పూనుకున్నాను. అందులో ఉన్నది లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను డిస్క్‌పై అమర్చే పద్ధతి). అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), ఫైల్‌సిస్టమ్‌లో తప్పులు వెతికే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేతో పరీక్షించి, దాని పరిమాణం మార్చే రీసైజ్‌2ఎఫ్‌ఎస్‌కు 300జీ అని ఇచ్చాను; ఏ తప్పూ చూపకుండా పూర్తయింది. తరువాత పార్టిషన్ల హద్దులు మార్చే పార్టెడ్‌లో, ముగింపును జరిపే రీసైజ్‌పార్ట్ ఆదేశానికి 300జీబీ అని ఇస్తే డేటా పోవచ్చని హెచ్చరించింది. ఫైల్‌సిస్టమ్‌ను ముందే తగ్గించాను కదా అన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. ఇప్పుడు మౌంట్ కావడం లేదు. ఫైల్‌సిస్టమ్‌లో బ్లాకుల (డేటా ముక్కల) సంఖ్య 78643200 అనీ, డివైస్‌లో ఉన్నవి 73110859 మాత్రమే అనీ కెర్నల్ (లైనక్స్ మూల భాగం) చెబుతోంది. పార్టిషన్ 1050624వ సెక్టార్ (512 బైట్ల ముక్క) దగ్గర మొదలవుతుంది. ఖాళీ చోటులో ఇంకా ఏమీ సృష్టించలేదు. తిరుచానూరులో తీసిన రెండు పెళ్లిళ్ల ఫొటోలు ఇందులోనే ఉన్నాయి. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే "అబార్ట్?" అని అడుగుతోంది. ఏమనాలి?

జవాబు – స్వర్ణముఖి
అబార్ట్‌కు యస్ అనండి. నో అని ముందుకు వెళితే, పార్టిషన్ బయట ఉన్న బ్లాకులను చదవలేక, అది బాగున్న ఫైళ్లనే పాడైనవిగా భావించి మార్చేసే ప్రమాదం ఉంది. మీ ఫొటోలు డిస్క్‌పై ఉన్నచోటనే ఉన్నాయి. మారింది పార్టిషన్ల హద్దులు రాసి ఉండే టేబుల్‌లోని ముగింపు అంకె ఒక్కటే.

మీరు పాటించిన క్రమం సరైనదే, పొరపాటు కొలతలో జరిగింది. రీసైజ్‌2ఎఫ్‌ఎస్ దృష్టిలో జీ అంటే 1024 ఘనం బైట్లు, పార్టెడ్ దృష్టిలో జీబీ అంటే నూరు కోట్ల బైట్లు. అంటే మీ ఫైల్‌సిస్టమ్ పార్టెడ్ లెక్కలో సుమారు 322 జీబీ. దాన్ని 300 జీబీ దగ్గర కోసేశారు. సరైన ముగింపు ఎక్కడో కెర్నల్ సందేశమే చెబుతోంది. ఒక్కో బ్లాక్ 4096 బైట్లు, అంటే 8 సెక్టార్లు కనుక, 78643200ను 8తో గుణిస్తే 629145600 వస్తుంది. దానికి మొదటి సెక్టార్ 1050624 కలిపి ఒకటి తీసేస్తే 630196223. పార్టెడ్‌లో యూనిట్‌ను ఎస్‌గా (సెక్టార్లుగా) మార్చి, రీసైజ్‌పార్ట్‌కు 630196223ఎస్ అని ఇవ్వండి. తరువాత ఈ2ఎఫ్‌ఎస్‌సీకేను ఎఫ్ (తప్పనిసరిగా పరీక్షించు), ఎన్ ఆప్షన్లతో నడపండి. ఎన్ ఉన్నంతవరకు అది డిస్క్‌పై ఏమీ రాయదు.

జవాబు – పాకాలవాసి
స్వర్ణముఖి గారి లెక్క నేనూ సరిచూశాను, సరిపోయింది. అయితే టేబుల్‌ను తాకేముందు ఎస్‌జీడిస్క్ అనే పార్టిషన్ టేబుల్ సాధనపు బ్యాకప్ ఆప్షన్‌తో ఇప్పుడున్న టేబుల్ ప్రతిని తీసి, ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, ఇదే డిస్క్‌లో కాదు. మళ్లీ ఎప్పుడైనా తగ్గించవలసి వస్తే, ఫైల్‌సిస్టమ్‌ను కావలసినదానికంటే కనీసం పదో వంతు తక్కువకు దించి, పార్టిషన్‌ను కోసి, ఆపై కొలత ఇవ్వకుండా రీసైజ్‌2ఎఫ్‌ఎస్ నడిపితే ఉన్న చోటంతా అదే నింపుకుంటుంది. అప్పుడు ఈ లెక్కల అవసరమే రాదు. కరెంటు పోయే వేళ మాత్రం యూపీఎస్ లేకుండా తగ్గించే పని మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
ప్రతి తీసి, ముగింపు సెక్టార్ మార్చాను. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అయిదు దశలూ ఏ తప్పూ చూపకుండా ముగించింది. మౌంట్ అయింది. రెండు పెళ్లిళ్ల ఫోల్డర్లూ తెరిచి చూశాను, తాళి కట్టే ఫొటోలు సహా అన్నీ ఉన్నాయి. ఇప్పుడు వాటిని వేరే డిస్క్‌లోకి కాపీ చేస్తున్నాను. అది ముగిశాకే ఖాళీ చోటును ముట్టుకుంటాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.